తీగ చేరింది... సేవ చేరేదెన్నడు?

పంచాయతీ గడప దగ్గరే ఆగిన బ్రాడ్‌బ్యాండ్
వేల కోట్లు వెచ్చించినా పల్లెకు దక్కని ఫలం
జిల్లాలో ప్రాధాన్యాలు తేల్చుకోవాల్సిన తరుణం

శ్రీకాకుళం: దేశంలోని ప్రతి గ్రామ పంచాయతీకీ ఫైబర్ తీగ ద్వారా బ్రాడ్‌బ్యాండ్ అందించే పథకానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదముద్ర వేసింది 2011 అక్టోబరు 25న. రెండేళ్లలో పూర్తి చేస్తామని అప్పట్లో ఘనంగా ప్రకటించారు. ఆ గడువు ఎన్నడో దాటిపోయింది. ఈలోగా పథకం పేరు మారింది, అమలు చేసే సంస్థ మారింది, అంచనా వ్యయం దాదాపు ఏడు రెట్లయింది. ప్రగతిని కొలిచే పద్ధతి మాత్రం చాలాకాలం ఒకేలా సాగింది. ఎన్ని కిలోమీటర్ల తీగ వేశారు, ఎన్ని పంచాయతీలకు చేర్చారు అన్నవే నివేదికల్లో కనిపించేవి. ఆ తీగ వల్ల ఊళ్లోని బడికి, ఆసుపత్రికి, రేషన్ దుకాణానికి ఏం ఒరిగిందన్న ప్రశ్నకు వాటిలో చోటు దక్కలేదు.

ఇప్పుడు మరోమారు భారీగా నిధులు ప్రకటించారు. వాటిని ఎక్కడ, ఏ వరుసలో ఖర్చు చేయాలన్నది ఢిల్లీలోనో, అమరావతిలోనో తేల్చేస్తే పాత కథే పునరావృతమవుతుంది. తీరం, ఉద్దానం, కొండ ప్రాంతం మూడూ ఉన్న శ్రీకాకుళం వంటి జిల్లాలో ఏది ముందు, ఏది తరువాత అన్న నిర్ణయం స్థానికంగానే జరగాలి. ఆ నిర్ణయానికి గీటురాయి ఒక్కటే కావాలి. సేవ పొందడానికి ఆన్‌లైన్ తప్పనిసరి అని ప్రభుత్వం ఎక్కడ శాసించిందో, అక్కడికి ఆగని అంతర్జాలం ముందుగా చేరాలి.

గడువులు మారాయి... ఖర్చు పెరిగింది

తొలుత జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పేరుతో పథకం మొదలైంది. రెండున్నర లక్షల పంచాయతీలకు సుమారు రూ.20 వేల కోట్లు చాలునని అంచనా వేశారు. అంటే సగటున ఒక్కో పంచాయతీకి రూ.8 లక్షలు. అమలు కోసం 2012 ఫిబ్రవరిలో భారత్ బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్ లిమిటెడ్ అనే ప్రత్యేక సంస్థను నెలకొల్పారు. 2015లో పథకాన్ని భారత్‌నెట్‌గా మార్చారు. తొలి లక్ష పంచాయతీలకు తీగ చేరేసరికి 2017 డిసెంబరు వచ్చింది. అదే ఏడాది జులైలో రెండో దశను ఆమోదించి మొత్తం వ్యయాన్ని రూ.42,068 కోట్లకు పెంచారు.

ఆ తరువాత ప్రైవేటు భాగస్వామ్యం మీద ఆశ పెట్టుకున్నారు. 2021 జూన్ 30న 16 రాష్ట్రాలలో ఆ పద్ధతిన పనులు చేపట్టేందుకు రూ.19,041 కోట్ల సాయం ప్రకటించారు. టెండర్లకు ఆదరణ లభించక ఆ ప్రయత్నం నీరుగారింది. 2022 జులైలో అమలు సంస్థను బీఎస్ఎన్ఎల్‌లో విలీనం చేయాలని మంత్రివర్గం నిర్ణయించింది. 2023 ఆగస్టులో సవరించిన భారత్‌నెట్‌కు రూ.1,39,579 కోట్లు కేటాయించింది. 2.64 లక్షల పంచాయతీలకు ఈ మొత్తాన్ని పంచి చూస్తే ఒక్కోదానికి రూ.52 లక్షల పైచిలుకు. అప్పటి రూ.8 లక్షలకు, ఇప్పటి రూ.52 లక్షలకు పొంతన ఎక్కడ?

రెండు లెక్కలనూ నేరుగా పోల్చడం పూర్తిగా సమంజసం కాదన్నది నిజమే. కొత్త పథకంలో పదేళ్ల నిర్వహణ ఖర్చును కలిపారు. మరో 3.8 లక్షల గ్రామాలకు కోరిన మేరకు కనెక్షన్ ఇస్తామన్నారు. తీగ ఒకచోట తెగినా రెండోవైపు నుంచి సంకేతాలు అందేలా వలయాకారంలో అనుసంధానం చేస్తామన్నారు. అయితే ఇవన్నీ కొత్త అవసరాలు కావు. నిర్వహణకు సొమ్ము కావాలనీ, ఒంటి తీగ మీద ఆధారపడరాదనీ 2011లోనూ తెలిసిన సంగతులే. తొలి అంచనాలో వాటిని చిన్నచూపు చూసిన ఫలితమే నేటి భారం.

సొమ్ము ఎవరిది?

ఈ నిధులు గగనం నుంచి ఊడిపడినవి కావు. టెలికాం సంస్థలు తమ సర్దుబాటు చేసిన స్థూల ఆదాయంలో 5 శాతాన్ని సార్వత్రిక సేవా బాధ్యత నిధి కింద ప్రభుత్వానికి చెల్లించాలన్న నిబంధన 2002 నుంచి అమలులో ఉంది. 2003లో చట్ట సవరణ ద్వారా దానికి శాసనబద్ధత కల్పించారు. 2023 టెలికాం చట్టం ఆ నిధికి డిజిటల్ భారత్ నిధి అని పేరు పెట్టింది. ఫోన్ సంస్థలు కట్టే సుంకం అంతిమంగా వినియోగదారుడి బిల్లులోనే పడుతుంది. మందస కొండల మీద సంకేతాలు అందక చెట్టెక్కి ఫోన్ చేసే గిరిజనుడు సైతం రీఛార్జి చేయించిన ప్రతిసారీ ఈ నిధికి తన వంతు జమ చేస్తున్నట్టే లెక్క.

వసూలైన మొత్తం ఏటా పూర్తిగా నిధికి బదిలీ కావడం లేదని కాగ్ తన నివేదికల్లో పలుమార్లు ఎత్తిచూపింది. పల్లెల పేరిట వసూలు చేసిన సొమ్ము ఖజానాలోనే మిగిలిపోవడం ఒక ఎత్తు. ఖర్చయిన సొమ్ము సైతం ఫలితాన్ని ఇవ్వకపోవడం మరో ఎత్తు. మొదటిది పార్లమెంటు నిలదీయాల్సిన విషయం. రెండోది జిల్లా ప్రజలు నిలదీయగలిగిన విషయం.

స్తంభాల మీద సాగిన ప్రయోగం

కేంద్ర పథకం నత్తనడకన సాగుతున్న కాలంలోనే ఆంధ్రప్రదేశ్ ఒక సాహసోపేతమైన మార్గం ఎంచుకుంది. నేల తవ్వి తీగ పాతడానికి బదులు విద్యుత్తు స్తంభాల మీదుగా దాన్ని లాగింది. 2015లో ఏర్పాటైన రాష్ట్ర ఫైబర్‌నెట్ సంస్థ ఈ పద్ధతిలో సుమారు 24 వేల కిలోమీటర్ల మేర తీగ వేసింది. విద్యుత్తు ఉపకేంద్రాలలోనే పరికరాలు అమర్చి భూసేకరణ, తవ్వకాల బెడద తప్పించుకుంది. 2016 డిసెంబరు 29న నాటి తూర్పుగోదావరి జిల్లా సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో దీనికి శ్రీకారం చుట్టారు. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో లాంఛనంగా ప్రారంభించారు. నెలకు రూ.149కే ఇంటర్నెట్, టీవీ ఛానళ్లు, ఫోన్ సదుపాయం కల్పిస్తామన్న ప్రకటన అప్పట్లో దేశం దృష్టిని ఆకర్షించింది.

ఆ ప్రయోగం నేర్పిన పాఠాలు రెండు. మొదటిది ఆశాజనకమైనది. స్థానిక కేబుల్ ఆపరేటర్లను భాగస్వాములను చేస్తే వీధి నుంచి ఇంటికి తీగ చేర్చడం కష్టం కాదని రుజువైంది. పాతికేళ్లుగా ఊళ్లో కేబుల్ టీవీ నడుపుతున్న వ్యక్తికి ఏ ఇంటివారు బిల్లు కడతారో, ఏ స్తంభం వంగి ఉందో తెలుసు. రెండోది చేదు పాఠం. ఆరంభంలో పెట్టిన పెట్టుబడి మీద ఉన్న శ్రద్ధ తదుపరి నిర్వహణ మీద లేకపోతే వ్యవస్థ కుంటుపడుతుంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా సంస్థ చుట్టూ ఆరోపణలు, విచారణలు, ప్రత్యారోపణలు ముసురుకున్నాయి. ఆ రభసలో సామాన్య చందాదారుడి ఫిర్యాదు వెనక్కి పోయింది.

తుపాను గాలి సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11న విరుచుకుపడిన తిత్లీ తుపాను ఈ జిల్లాలో వేలాది విద్యుత్తు స్తంభాలను నేలకూల్చింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నామరూపాల్లేకుండా పోయాయి. స్తంభం కూలితే దాని మీది ఫైబర్ తీగ కూడా నేల మీదికి రావాల్సిందే. కరెంటు, అంతర్జాలం రెండూ ఒకే స్తంభం మీద ఆధారపడితే, విపత్తు వేళ రెండూ ఒకేసారి పోతాయి. సాయం కోసం ఎవరినైనా పిలవాల్సిన ఘడియలోనే పిలిచే దారి మూసుకుపోతుంది. చౌకగా, వేగంగా తీగ వేయడానికి అనువైన పద్ధతి తీర ప్రాంతానికి యథాతథంగా సరిపడదని తిత్లీ తేల్చింది.

పొరుగున తెలంగాణ భిన్నమైన బాట పట్టింది. మిషన్ భగీరథ కింద ఇంటింటికీ మంచినీటి గొట్టాలు వేసేందుకు తవ్విన కందకాల్లోనే ఫైబర్ తీగకు గొట్టం వేయాలని నిర్ణయించింది. ఒకే తవ్వకంతో రెండు పనులు పూర్తిచేయాలన్న ఆలోచన మెచ్చదగినది. అక్కడా తీగ నుంచి సేవ వరకు ప్రయాణం అనుకున్నంత వేగంగా సాగలేదు. నీటి గొట్టాలు గ్రామాలకు చేరిన చాలాకాలానికి, 2024 డిసెంబరులో కొన్ని గ్రామాల్లో ప్రయోగాత్మకంగా ఇళ్లకు కనెక్షన్లు ఇవ్వడం ప్రారంభించారు. స్తంభం మీదైనా, కందకంలోనైనా తీగ వేయడం వరకే యంత్రాంగం చురుగ్గా కదులుతోందన్న మాట.

'సిద్ధం' అంటే అర్థమేమిటి?

2025 ఆరంభం నాటికి దేశవ్యాప్తంగా సుమారు 2.14 లక్షల పంచాయతీలు 'సేవకు సిద్ధం'గా ఉన్నాయని కేంద్రం వెల్లడించింది. సుమారు 6.9 లక్షల కిలోమీటర్ల తీగ వేసినట్టు తెలిపింది. అదే సమయానికి భారత్‌నెట్ ద్వారా ఇచ్చిన ఇంటి కనెక్షన్లు సుమారు 12 లక్షలు. భాగించి చూస్తే సిద్ధమైన ఒక్కో పంచాయతీకి ఆరు కనెక్షన్లు కూడా లేవు. వందల గడపలున్న పంచాయతీలో ఆరిళ్లకు సేవ అందితే దాన్ని విజయం అనగలమా?

'సిద్ధం' అన్న మాటలోనే తిరకాసు ఉంది. పంచాయతీ భవనంలో ఒక పెట్టె బిగించి, దానికి తీగ కలిపి, ఒకసారి పరీక్షించి చూస్తే ఆ ఊరు సిద్ధమైనట్టే నమోదవుతుంది. మరునాడు భవనానికి తాళం పడవచ్చు. కరెంటు లేక పెట్టె ఆగిపోవచ్చు. బ్యాటరీ పాడైపోవచ్చు. రోడ్డు పనుల్లో జేసీబీ తీగను తెంపేయవచ్చు. ఇవేవీ పాత లెక్కను మార్చవు. తొలి దశలో మండల కేంద్రం నుంచి ఊళ్ల మీదుగా ఒకే వరుసలో తీగ లాగడంతో, మధ్యలో ఒక్కచోట తెగితే ఆవలి ఊళ్లన్నీ చీకట్లో పడ్డాయి.

తవ్వకాల బెడదను నివారించేందుకు 2023 మార్చిలో కేంద్రం ఒక యాప్ తెచ్చింది. తవ్వేముందు ఆ దారిలో ఎవరి తీగలు, గొట్టాలు ఉన్నాయో తెలుసుకుని సమాచారమివ్వడం దాని ఉద్దేశం. మండల స్థాయిలో కాలువ తవ్వే గుత్తేదారు, మంచినీటి గొట్టం వేసే గుత్తేదారు ఆ పని చేస్తున్నారా లేదా చూసే నాథుడు లేకపోతే యాప్ ఫోన్‌లోనే ఉంటుంది, తీగ కాలువలో తెగుతుంది.

తప్పనిసరి చేసింది ప్రభుత్వమే

అంతర్జాలం విలాసమన్న మాటకు కాలం చెల్లింది. ఆ మార్పు తెచ్చింది పల్లె ప్రజలు కాదు, ప్రభుత్వమే. రాష్ట్రంలో రేషన్ దుకాణాల్లో వేలిముద్ర యంత్రాలు 2015 నుంచి విస్తరించాయి. ధాన్యం అమ్మాలంటే ఈ-పంటలో నమోదు, ఈ-కేవైసీ పూర్తి కావాలి. ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరును 2023 జనవరి 1 నుంచి యాప్ ద్వారానే నమోదు చేయాలన్నారు. 2022 ఆగస్టులో ఉపాధ్యాయులకు ముఖ హాజరు యాప్ ప్రవేశపెట్టినప్పుడు నెట్‌వర్క్ ఇబ్బందులపై ఉపాధ్యాయ సంఘాలు నిరసన తెలిపాయి. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాల్లో ఏ ధ్రువపత్రం కావాలన్నా కంప్యూటర్ కదలాల్సిందే.

పట్టణంలో సర్వర్ మొరాయిస్తే పది నిమిషాల ఆలస్యం. కొండ మీది గూడెంలో సంకేతాలు అందకపోతే ఒక రోజు కూలి పోతుంది. బియ్యం కోసం దిగి వచ్చిన వృద్ధురాలు మరునాడు మళ్లీ రావాలి. హాజరు పడని కూలీ చేసిన పనికి లెక్క ఉండదు. కాగితం మీద పనులు నడిచిన రోజుల్లో ఆలస్యం జరిగినా అధికారి సంతకంతో సరిదిద్దుకునే వీలుండేది. యంత్రం 'కుదరదు' అంటే ఎవరితో మొరపెట్టుకోవాలి? డిజిటల్ ఆదేశాలు రోడ్డు దాటి కొండెక్కాయి. అంతర్జాలం మాత్రం రోడ్డు దగ్గరే ఆగింది.

బడుల పరిస్థితీ ఇంతే. దేశవ్యాప్తంగా ఇంటర్నెట్ ఉన్న పాఠశాలలు 2023-24లో 53.9 శాతం కాగా, 2024-25 నాటికి 63.5 శాతానికి చేరాయని కేంద్ర విద్యాశాఖ గణాంకాలు చెబుతున్నాయి. పెరుగుదల హర్షణీయమే. మూడో వంతుకు పైగా బడులకు ఇంకా సౌకర్యం లేదన్నదీ అంతే వాస్తవం.

సిక్కోలులో ఏది ముందు?

2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో శ్రీకాకుళం జిల్లాలో 30 మండలాలు మిగిలాయి. సీతంపేట, పాలకొండ, భామిని, వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాలో కలిశాయి. దీంతో జిల్లాలో గిరిజన గ్రామాలే లేవన్న భావన పైస్థాయిలో ఏర్పడే ప్రమాదముంది. మందస, మెళియాపుట్టి, పాతపట్నం మండలాల్లోని కొండ గూడేలు ఈ జిల్లాలోనే ఉన్నాయి. నిధుల పంపకంలో జిల్లా పేరే కొలమానమైతే ఇలాంటి ఊళ్లు జారిపోతాయి. 2021 నవంబరులో కేంద్రం ఐదు రాష్ట్రాల్లోని 44 ఆకాంక్షిత జిల్లాల్లో ఫోన్ సంకేతాలు లేని 7,287 గ్రామాలకు రూ.6,466 కోట్లు మంజూరు చేసింది. రాష్ట్రంలో విజయనగరం, విశాఖపట్నం, కడప జిల్లాలు ఆ జాబితాలో ఉన్నాయి, శ్రీకాకుళం లేదు. కొండకు ఆ వాలున ఉన్న గూడేనికి ఒక న్యాయం, ఈ వాలున ఉన్న గూడేనికి మరో న్యాయం! 2022 జులైలో దేశమంతటా 24,680 గ్రామాలకు 4జీ అందించేందుకు రూ.26,316 కోట్ల పథకం వచ్చాక గానీ ఈ తేడా కొంతైనా సర్దుకునే వీలు కలగలేదు.

కొండ ప్రాంతంలో ప్రతి గూడేనికీ తీగ వేసేదాకా ఆగడం వివేకం కాదు. అటవీ అనుమతులు, రాతి నేల, పలుచని జనాభా పనిని ఏళ్లకేళ్లు సాగదీస్తాయి. కొండ దిగువన ఉన్న పంచాయతీ వరకు తీగను పటిష్ఠం చేసి, అక్కడినుంచి వైర్‌లెస్ పద్ధతిలో గూడేలకు, ఆశ్రమ పాఠశాలకు, రేషన్ దుకాణానికి సంకేతాలు చేర్చడం త్వరగా అయ్యే పని. సౌర విద్యుత్తు, బ్యాటరీ తోడుంటే కరెంటు కోతల బెడదా తగ్గుతుంది.

ఉద్దానం అవసరం వేరు. మూత్రపిండాల వ్యాధితో తల్లడిల్లుతున్న ఈ ప్రాంతానికి పలాసలో 2023 డిసెంబరు 14న కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. రోగుల రక్త పరీక్షల ఫలితాలు, డయాలసిస్ వివరాలు గ్రామ స్థాయి ఆరోగ్య కేంద్రం నుంచి పలాసకు, అక్కడినుంచి విశాఖకు నిరాటంకంగా చేరగలిగితే, వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు తిరిగే రోగికి అదనపు ప్రయాణాలు కొన్నయినా తప్పుతాయి. ఆరోగ్య కేంద్రాల నుంచి నిపుణులతో వీడియో సంప్రదింపులు జరిపే ఈ-సంజీవని సేవను 2019 నవంబరులో దేశంలో మొదట అమలుచేసింది ఆంధ్రప్రదేశే. వీడియో మధ్యలో ఆగిపోతే వైద్యుడు రోగి ముఖం చూడలేడు, మాట వినలేడు. ఆసుపత్రికి రెండు వైపుల నుంచి తీగ ఉండాలన్నది విలాసం కిందికి రాదు.

తీరానిది మరో తీరు. రాష్ట్రంలో సుదీర్ఘమైన 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఈ జిల్లాది. వేట లేక గుజరాత్‌లోని వెరావల్ వరకు వలసపోయే మత్స్యకారుల కుటుంబాలు ఈ ఊళ్లలోనే ఉన్నాయి. 2018 చివర పాకిస్థాన్‌కు చిక్కి, 2020 జనవరిలో విడుదలైన జాలర్ల ఉదంతం జిల్లా మరువలేదు. వాతావరణ హెచ్చరికకైనా, వలస వెళ్లినవారి క్షేమ సమాచారానికైనా ఈ పల్లెలకు ఫోన్, అంతర్జాలమే ఆధారం. ఇక్కడ తుపాను రక్షణ కేంద్రాలకు, తీర పంచాయతీలకు భూగర్భ తీగ వేయాలి. స్తంభాల మీది తీగ చౌకే గానీ, ప్రతి పెద్ద తుపానుకూ కొత్తగా వేయాల్సి వస్తే ఆ చౌకదనం నిలవదు.

మూడింటికీ ఒకేసారి నిధులు రాకపోతే? వరుస ఇలా ఉండటం న్యాయం. ముందు, ఇప్పటికే వేసి చచ్చుబడిన తీగలకు ప్రాణం పోయాలి. ఇది తక్కువ ఖర్చుతో తేలేది. తరువాత ఆసుపత్రులకు, తీర గ్రామాలకు రెండో దారి కల్పించాలి. దానితో పాటే కొండ గూడేలకు వైర్‌లెస్ ఏర్పాటు సాగాలి. రాబడి ఎక్కువొచ్చే పట్టణ శివార్లు, జాతీయ రహదారి పక్కన పెద్ద గ్రామాలు చివర రావాలి. అక్కడికి ప్రైవేటు సంస్థలు ప్రభుత్వ సాయం లేకుండానే వస్తాయి. లాభం రాని చోటికి వెళ్లేందుకే ప్రజల నుంచి ఆ నిధిని వసూలు చేశారన్నది మరువరాదు.

ఫోన్ ఉండగా తీగ ఎందుకు?

చేతిలో 4జీ, 5జీ ఫోన్ ఉండగా ఇంత ఖర్చు దేనికన్న వాదన లేకపోలేదు. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 2025లో కేంద్ర గణాంక శాఖ జరిపిన టెలికాం సర్వేలో 86.3 శాతం కుటుంబాలకు ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నట్టు తేలింది. 2017-18 సర్వేలో గ్రామీణ కుటుంబాల్లో ఈ సౌకర్యం 14.9 శాతమే. ఈ మార్పులో సింహభాగం మొబైల్ ఫోన్‌దే. అయితే టవరు నుంచి ఫోన్‌కు గాలిలో వచ్చే సంకేతాలు టవరు దాకా రావాలంటే వెనుక గట్టి తీగ ఉండాలి. అది లేని టవర్ల కింద ఫోన్ నిండుగా గీతలు చూపుతుంది గానీ పేజీ తెరుచుకోదు. ఒక ఫోన్‌తో రేషన్ వివరాలు చూడవచ్చు. ఒక తరగతిలో 30 మంది పిల్లలు కంప్యూటర్ల మీద నేర్చుకోవడానికి, ఆసుపత్రిలో స్కానింగ్ చిత్రాలు పంపడానికి అది చాలదు.

ఫోన్ ఇంట్లో ఉండటం వేరు, అందరి చేతికీ అందడం వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో మహిళలు 26.5 శాతం, పురుషులు 57.9 శాతం. ఆ తరువాత వాడకం పెరిగి ఉండవచ్చు. పనికి వెళ్లే మగవాడి జేబులో ఇంటి ఏకైక ఫోన్ కూడా వెళ్లిపోయే పరిస్థితి పేద ఇళ్లలో నేటికీ ఉంది. సచివాలయంలోనో, గ్రంథాలయంలోనో, స్వయం సహాయక సంఘ భవనంలోనో నమ్మకమైన కనెక్షన్, నేర్పే మనిషి ఉంటేనే ఈ అంతరం తగ్గుతుంది.

కేరళ ఈ విషయంలో ఒక దారి చూపింది. 2023 జూన్ 5న ప్రారంభించిన కేఫోన్ పథకంలో 20 లక్షల పేద కుటుంబాలకు ఉచిత కనెక్షన్, సుమారు 30 వేల ప్రభుత్వ కార్యాలయాలకు అనుసంధానం లక్ష్యాలుగా పెట్టుకుంది. తొలి విడతలో ఒక్కో శాసనసభ నియోజకవర్గంలో వంద పేద కుటుంబాలను ఎంపిక చేసింది. అక్కడా అమలులో జాప్యాలు తప్పలేదు. అయినా ఎవరికి ముందు ఇవ్వాలో బాహాటంగా ప్రకటించడంతో ఎవరికి అందలేదో నిలదీసే అవకాశం ప్రజలకు దక్కింది.

నిర్వహణ బిల్లు ఎవరు కడతారు?

అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది. తీగ వేయడానికి కేంద్రం సొమ్ము ఇస్తుంది. నెలనెలా కనెక్షన్ రుసుము, కరెంటు బిల్లు, బ్యాటరీ మార్పిడి ఎవరి పద్దు? ఒక పంచాయతీలో బడి, ఆరోగ్య కేంద్రం, సచివాలయం, రైతు సేవా కేంద్రం, అంగన్‌వాడీ ఐదింటికీ నెలకు రూ.500 చొప్పున వేసుకున్నా ఏడాదికి రూ.30 వేలు. 30 పంచాయతీలున్న మండలానికి రూ.9 లక్షలు. తీగ వేయడానికి పెట్టే ఖర్చు ముందు ఇది స్వల్పమే. కానీ ఏ శాఖకూ దీనికి ప్రత్యేక పద్దు లేకపోతే, కోట్లతో వేసిన తీగ వందల బిల్లు దగ్గర ఆగిపోతుంది.

పంచాయతీలే భరించాలనడం తేలిక. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వెచ్చించాలన్న షరతు పెట్టింది. మిగిలిన 40 శాతంతోనే ఊరి ఇతర అవసరాలన్నీ తీరాలి. 2021-22లో ఆర్థిక సంఘం నిధులను విద్యుత్తు బకాయిల కింద జమకట్టుకున్నారంటూ సర్పంచులు ఆందోళనలు చేసిన సంగతి తెలిసిందే. వీధి దీపాల బిల్లుకే తడుముకునే పంచాయతీ మీద అంతర్జాలం బిల్లు రుద్దితే, మొదట ఆగేది అంతర్జాలమే.

ఇవి జరగాలి

2025 జనవరిలో మొదలైన జాతీయ బ్రాడ్‌బ్యాండ్ మిషన్ రెండో దశ ఒక మంచి మార్పు తెచ్చింది. 2030 నాటికి 2.70 లక్షల గ్రామాలకు 95 శాతం సమయం పనిచేసే ఫైబర్ అనుసంధానం ఇవ్వాలని, బడులు, ఆరోగ్య కేంద్రాలు, అంగన్‌వాడీలు, పంచాయతీ కార్యాలయాల్లో 90 శాతానికి బ్రాడ్‌బ్యాండ్ అందించాలని లక్ష్యం పెట్టుకుంది. కిలోమీటర్ల లెక్క నుంచి పనిచేసే సమయం లెక్కకు ప్రభుత్వం కాగితం మీదైనా వచ్చింది. దాన్ని నేల మీదికి దించే బాధ్యత జిల్లా యంత్రాంగానిది, దించారో లేదో అడిగే బాధ్యత ప్రజలది.

మొదటగా, జిల్లాలో ఏ పంచాయతీకి తీగ చేరిందో, ఏ సంస్థకు కనెక్షన్ పనిచేస్తోందో మండలాల వారీగా జాబితా బహిరంగపరచాలి. ప్రతి సచివాలయం గోడ మీద కనెక్షన్ ఏ తేదీన ఆగింది, ఏ తేదీన పునరుద్ధరించారు అన్న వివరాలు రాయాలి. రెండోది, గుత్తేదారులకు చెల్లింపులు వేసిన తీగను బట్టి కాక, పనిచేసిన రోజులను బట్టి జరగాలి. మూడోది, బడులు, ఆరోగ్య కేంద్రాల నెలవారీ రుసుమును పంచాయతీల మీద వేయకుండా ఆయా శాఖల బడ్జెట్‌లో ప్రత్యేక పద్దు కింద చూపాలి. నాలుగోది, రోడ్లు, పంచాయతీరాజ్, గ్రామీణ నీటి సరఫరా శాఖలు తవ్వే ముందు సమాచారం ఇవ్వకుండా తీగ తెంపితే బాగుచేసే ఖర్చు గుత్తేదారు నుంచే రాబట్టాలి. ఐదోది, కొత్త నిధులతో ఏ గ్రామం ముందు, ఏది తరువాత అన్న జాబితాను గ్రామసభల ముందుంచాలి.

వీటన్నిటికీ మించి ఒక నియమం అవసరం. అంతర్జాలం నికరంగా పనిచేయని ఊళ్లో ఏ ప్రభుత్వ సేవకూ ఆన్‌లైన్ తప్పనిసరి కారాదు. అక్కడ కాగితం, సంతకం చెల్లాలి. యంత్రం ఆగిన రోజున బియ్యం ఆగకూడదు, కూలి ఆగకూడదు, పింఛను ఆగకూడదు. ఈ నియమం పెట్టడానికి వేల కోట్లు అక్కర్లేదు, ఒక్క ఉత్తర్వు చాలు. సేవ ఆగినప్పుడు ఇబ్బంది గ్రామీణుడికి కాక కార్యాలయానికి కలిగితే, తెగిన తీగ ఎన్ని రోజుల్లో అతుక్కుంటుందో అప్పుడు చూడవచ్చు.